సిల్క్ రోడ్ లాంటి సినిమాల్లో ఏది జరిగింది, ఏది అల్లింది: మీరే ఎట్ల తేల్చుకోవాలి

ఈ మధ్య సిల్క్ రోడ్ సినిమా చూసిన పిల్లోళ్లందరూ ఒకటే అడగతా ఉండారు. అన్నా, ఇదంతా నిజంగా ఇట్లనే జరిగిందా, ఆ రాస్ అనే అబ్బాయి అంత మంచోడా, ఆ పోలీసాయన అంత దుర్మార్గుడా, మరి అంత మంచోడికి యావజ్జీవం ఎందుకు వేసినారు అని. యూనివర్సిటీ హాస్టల్ పిల్లోళ్లు అడిగినారు, మా బాలాజీ కాలనీలో ఆదివారం సాయంత్రం ప్రొజెక్టర్ పెట్టుకుని సినిమాలు చూసే బ్యాచ్ అడిగింది, మా చిత్తూరు బావమరిది కూడా ఫోన్ చేసి అడిగినాడు. ఒక్కొక్కరికి సగం సగం చెప్పడం కంటే పద్ధతిగా రాసి పెడితే ఎవరికి వాళ్లు చేసుకుంటారని రాస్తా ఉండా.

ఇది సినిమా బాగుందా లేదా అని చెప్పే రివ్యూ కాదు. ఆన్‌లైన్‌లో దొంగ మార్కెట్ పెట్టినోడి కథని సినిమావాళ్లు ఏ పక్క నుంచి చూపించినారో పట్టుకునే పద్ధతి. ఉదాహరణకి సిల్క్ రోడ్‌నే తీసుకుంటా, ఎందుకంటే దాని కోర్టు కాగితాలు బోలెడు ఉండాయి, ఎవరైనా చదవచ్చు.

తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. సిల్క్ రోడ్ అనేది 2011 మొదట్లో అమెరికాలో రాస్ ఉల్‌బ్రిక్ట్ పెట్టిన సైట్. టార్ బ్రౌజర్‌లో (వాడేది ఎవరో తెలియకుండా దాచే బ్రౌజర్) మాత్రమే తెరుచుకునేది, డబ్బు బిట్‌కాయిన్‌లో, అమ్మకాల్లో ఎక్కువ భాగం డ్రగ్స్. అతను దాంట్లో డ్రెడ్ పైరేట్ రాబర్ట్స్ అనే పేరుతో ఉండేవాడు. థియరీ ఇంతే, ఇంతకంటే అక్కర్లేదు.

కావాల్సినవి

- సినిమా. ఓటీటీలోనో, అద్దెకో, లీగల్‌గా దొరికే కాపీ. ఎడిట్ చేసి కోసేసిన కాపీలు చూస్తే మీ లెక్క మొత్తం తప్పుతుంది.
- ఒక నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు. జరిగినట్టు కాగితం దొరికిందానికి పచ్చ, దొరకందానికి ఎరుపు.
- కోర్టు కాగితాలు. సిల్క్ రోడ్‌కి అయితే 2013 నాటి ఎఫ్‌బీఐ ఫిర్యాదు, 2017లో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు, అమెరికా న్యాయశాఖ ప్రకటనలు. అన్నీ ఫ్రీగా దొరుకుతాయి. అప్పీలు తీర్పు పెద్దది కానీ మొదటి భాగంలో కథంతా వరసగా ఉంటుంది, ఆ భాగం చదివితే చాలు.
- ఇంకో మనిషి. ఒక్కరే చూస్తే హీరో వెనకాలే పోతాం, పక్కన ఎవరన్నా ఉంటే ఆగు ఆగు అని పట్టుకుంటారు.
- రెండు సాయంత్రాలు.

ముఖ్యమైన హెచ్చరిక. "నిజంగా ఎట్ల ఉంటాయో చూద్దాం" అని అట్లాంటి మార్కెట్ల కోసం వెతకొద్దు. సినిమాని చెక్ చేయడానికి ఆ అవసరమే లేదు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద డ్రగ్స్ అమ్మడమే కాదు, కొనడం కూడా నేరమే, ప్రాజెక్ట్ కోసం చేసినా సార్ అంటే ఎవరూ వినరు.

1. మొదటిసారి ఆపకుండా చూడండి

పాజ్ వద్దు, ఫోన్ వద్దు. అయిపోయిన వెంటనే, ఎవరితో మాట్లాడకముందే, ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకోండి: సినిమాలో నాకు ఎవరి మీద జాలి వేసింది, ఎవరి మీద కోపం వచ్చింది? పేర్లు చాలు. ఈ కాగితం దాచుకోండి, చివర్లో పని ఉంటుంది.

2. తేదీలు ఒక గీత మీద పెట్టండి

పేజీ మధ్యలో పొడుగ్గా గీత గీసి పైన నిజం తేదీలు, కింద సినిమాలో వచ్చిన వరస రాయండి. సిల్క్ రోడ్‌కి పైన రాయాల్సినవి ఇవి: 2011 మొదట్లో సైట్ మొదలు. 2011 జూన్‌లో గాకర్ అనే సైట్‌లో దాని గురించి కథనం వచ్చి అందరికీ తెలిసిపోయింది. 2013 జనవరిలో యూటా రాష్ట్రంలో కర్టిస్ గ్రీన్ అనే సైట్ ఉద్యోగి దొరికిపోయినాడు. 2013 అక్టోబర్ 1న శాన్ ఫ్రాన్సిస్కోలో ఉల్‌బ్రిక్ట్ అరెస్ట్. 2015 ఫిబ్రవరి 4న జ్యూరీ ఏడు అభియోగాల్లోనూ దోషి అంది. 2015 మే 29న రెండు యావజ్జీవాలు, దాని మీద 40 ఏళ్లు, పెరోల్ లేకుండా. 2017 మేలో అప్పీలు కొట్టేసినారు. 2025 జనవరి 21న అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చినాడు, అతను బయటికొచ్చినాడు.

రెండేళ్లు పైన నడిచిన వ్యాపారం ఇది. సినిమాలో అది ఎన్ని వారాల్లో అయిపోయినట్టు అనిపించిందో చూసుకోండి. కాలం కుదిస్తే ఏమవుతుందంటే అతను ఆలోచించుకోవడానికి టైమే లేనట్టు, ఏదో వరదలో కొట్టుకుపోయినట్టు కనిపిస్తాడు, కానీ ఆపేయడానికి అతనికి బోలెడు రోజులు ఉండినాయి.

3. పోలీసు పాత్ర ఎవరిదో విడదీయండి

ఈ స్టెప్‌కి టైమ్ ఎక్కువ పెట్టండి, అసలు ఆట ఇక్కడుంది.

2021లో వచ్చిన సిల్క్ రోడ్ సినిమాలో రిక్ బౌడెన్ అని ఒక డీఈఏ (అమెరికాలో డ్రగ్స్ కేసులు చూసే శాఖ) ఏజెంట్ ఉంటాడు, జేసన్ క్లార్క్ వేసినాడు. పాత తరం పోలీసు, కంప్యూటర్ రాదు, ఇంట్లో కూతురి చదువు ఖర్చు, చివరికి చెయ్యి చాచుతాడు. చూస్తుంటే అయ్యో అనిపిస్తుంది. ఆ పేరుతో అట్లాంటి ఏజెంట్ ఎవరూ లేరు, కల్పించిన పాత్ర.

నిజంగా తప్పు చేసింది ఇద్దరు. ఒకరు కార్ల్ ఫోర్స్, డీఈఏ. ఇంకొకరు షాన్ బ్రిడ్జెస్, సీక్రెట్ సర్వీస్ అనే ఇంకో అమెరికా ప్రభుత్వ శాఖ. ఫోర్స్ దొంగపేర్లు పెట్టుకుని ఉల్‌బ్రిక్ట్‌కే దర్యాప్తు సమాచారం అమ్మినాడు, ఇంకో పేరుతో బెదిరించి డబ్బు అడిగినాడు. బ్రిడ్జెస్ అయితే కర్టిస్ గ్రీన్ విచారణలో చెప్పిన లాగిన్ వాడి సైట్‌లోంచి దాదాపు 20,000 బిట్‌కాయిన్లు దోచేసినాడు. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు, 2015లో ఫోర్స్‌కి 78 నెలలు, బ్రిడ్జెస్‌కి 71 నెలలు పడింది.

ఇద్దరిని కలిపి ఒకర్ని చేస్తే తప్పేముంది, సినిమా కదా అంటారు. తప్పు కాదు, కానీ ఏం మారిందో చూడండి. బ్రిడ్జెస్ దొంగతనం చేస్తే, అది గ్రీన్ చేసినాడని ఉల్‌బ్రిక్ట్ అనుకున్నాడు. అనుకుని గ్రీన్‌ని చంపించమని డ్రగ్ స్మగ్లర్ అనుకుంటున్న మనిషికి డబ్బిచ్చినాడు, ఆ స్మగ్లర్ నిజానికి వేషం వేసిన ఫోర్స్. అంటే ఒక ప్రభుత్వ ఉద్యోగి దొంగతనం చేస్తే, ఆ నెపంతో ఒక హత్యకి బేరం కుదిరింది, ఆ బేరం ఇంకో ప్రభుత్వ ఉద్యోగి దగ్గరికే వచ్చింది. ఈ గొలుసు ఒక్క పాత్రలో పట్టదు. ఒకడే మనిషి అయ్యేసరికి అది ఒక నాన్న బలహీనత కథ అయిపోతుంది, రెండు శాఖల్లో కుళ్లు కథ కాకుండా పోతుంది.

చేయాల్సింది: సినిమాలో ఆఫీసర్ చేసే ముఖ్యమైన పనులన్నీ వరసగా రాసి, పక్కన నిజంగా చేసినోళ్ల పేరు రాయండి. ఫోర్స్, బ్రిడ్జెస్, లేదా ఎవరూ కాదు. "ఎవరూ కాదు" ఉన్నచోట ఎరుపు.

ఇదే స్టెప్‌లో ఇంకో పేరు వెతకండి, గ్యారీ ఆల్‌ఫోర్డ్. అమెరికా పన్నుల శాఖ ఏజెంట్. ఈయన చేసింది గూగుల్‌లో పాత పోస్టులు వెతకడం. సైట్ కొత్తలో ఆల్టాయిడ్ అనే పేరుతో ఎవరో దాని గురించి ప్రచారం చేసినారు, అదే పేరుతో తర్వాత ఇంకోచోట పనివాళ్లు కావాలని పెట్టిన పోస్టులో రాస్ ఉల్‌బ్రిక్ట్ ఈమెయిల్ ఉంది. అంత పెద్ద కేసులో ఇంత చిన్న పట్టు. తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు కాబట్టి తెర మీద ఈయనకి ఎన్ని నిమిషాలు ఇచ్చినారో చూసి రాసుకోండి.

4. హత్య బేరం సంగతి మూడు ముక్కలుగా చెక్ చేయండి

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఒక వర్గం "హంతకుడు" అంటుంది, ఇంకో వర్గం "అంతా అబద్ధం, కేసే పెట్టలేదు" అంటుంది. మూడు విషయాలు ఒకేసారి నిజం:

ఒకటి, ఎవరూ చావలేదు. గ్రీన్‌ని కొట్టినట్టు, చంపినట్టు ఫొటోలు తీసింది ఏజెంట్లే, అంతా నాటకం. రెండు, డబ్బు మాత్రం నిజంగా కట్టినాడు, గ్రీన్ విషయంలో 80,000 డాలర్లు, ఆ తర్వాత వేరే మనుషుల మీద కూడా బేరాలు నడిచినాయి. మూడు, న్యూయార్క్ విచారణలో హత్యని విడి అభియోగంగా పెట్టలేదు, కానీ శిక్ష వేసేటప్పుడు జడ్జి దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. మేరీల్యాండ్‌లో విడిగా ఉన్న కేసుని 2018లో కొట్టేసినారు.

మీరు చూసిన సినిమా ఈ మూడింట్లో ఎన్ని చెప్పిందో టిక్ పెట్టండి. ఒకటే చెప్తే అది ఒక పక్షం సినిమా, ఎంత బాగా తీసినా సరే. బేరం కుదిరే సీన్‌లో కెమెరా ఎవరి ముఖం మీద ఉందో కూడా చూడండి. ఫౌండర్ కన్నీళ్ల మీద ఉంటే మనం అతని బాధ చూస్తాం, చావాల్సిన మనిషి గురించి ఆలోచన రాదు.

5. ఎవరు లేరో లెక్కపెట్టండి

నాకు ఈ స్టెప్ మీద చాలా పట్టింపు. మిగతావి వదిలేసినా పర్లేదు, ఇది వదలొద్దు.

రెండోసారి చూసేటప్పుడు ప్రతి పది నిమిషాలకి ఒకసారి ఆపి, తెర మీద ఉన్నది ఎవరో రాయండి: ఫౌండర్, అతని లవర్ లేదా ఇంట్లోవాళ్లు, పోలీసు, సైట్‌లో పనిచేసేవాళ్లు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, కొన్నవాళ్ల ఇంట్లోవాళ్లు. చివర్లో టిక్కులు కూడండి. మొదటి మూడు గళ్లలో గుంపుగా ఉంటాయి, చివరి మూడు గళ్లు దాదాపు ఖాళీ.

నిజంలో సిల్క్ రోడ్ ఒక్కడి పని కాదు. జీతం తీసుకునే అడ్మిన్లు ఉన్నారు. వెరైటీ జోన్స్ అనే పేరుతో రోజర్ క్లార్క్ అని ఒక పెద్ద సలహాదారు ఉన్నాడు, 2023లో అతనికి 20 ఏళ్లు వేసినారు. అమ్మేవాళ్లు వేలల్లో. శిక్ష ఖరారు చేసే రోజు అక్కడ కొన్న డ్రగ్స్‌తో ముడిపడిన ఆరు మరణాలని ప్రాసిక్యూషన్ ముందు పెట్టింది. కొడుకుల్ని పోగొట్టుకున్న ఒక తండ్రి, ఒక తల్లి కోర్టులో లేచి మాట్లాడినారు. ఆ ఇద్దరికి సినిమాలో ఎన్ని నిమిషాలు వచ్చినాయో మీ టేబులే చెప్తుంది.

మన తిరుపతి, చిత్తూరు వాళ్లకి ఇది వేరేవాళ్ల కంటే బాగా అర్థం అవుతుంది. 2021 డిసెంబర్‌లో పుష్ప వచ్చినప్పుడు మన యాస తెర మీద విని ఈలలు వేసినాం, నేనూ వేసినా, ఆ సంతోషంలో తప్పు లేదు. కానీ శేషాచలం పక్కన ఉండే మనకి ఇంకో సంగతి తెలుసు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయినారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, తిరువణ్ణామలై, ధర్మపురి వైపు ఊళ్లవాళ్లు. ఎర్రచందనం అనగానే మనకి దుంగ మోసేవాడు, లారీ తోలేవాడు, కొనేవాడు, చెక్‌పోస్ట్‌లో కన్ను మూసేవాడు, అందరూ గుర్తొస్తారు. బయట ఊరోడికి ఒక్క హీరో గుర్తొస్తాడు. సిల్క్ రోడ్ సినిమా చూసేటప్పుడు మనం ఆ బయట ఊరోడి స్థానంలో ఉన్నాం. కాబట్టి ఎర్రచందనం గురించి మీకు తెలిసిన ఆ వరస మొత్తం ఒక పక్క రాసుకుని, ఇక్కడ కూలీ స్థానంలో ఎవరు, కొనేవాడి స్థానంలో ఎవరు అని ఒక్కొక్కటి నింపండి. నిండని గడి దొరికితే సినిమా దాచింది అదే.

6. డబ్బు అంకె ఎక్కడిదో చూడండి

2013 ఫిర్యాదులో సైట్ అమ్మకాలు 120 కోట్ల డాలర్లని ఉంటుంది. 2015లో కోర్టు జప్తు చేయమన్నది సుమారు 18 కోట్ల 39 లక్షల డాలర్లు. ఇంత తేడా ముఖ్యంగా ఎందుకంటే మొదటిది బిట్‌కాయిన్లని అరెస్ట్ నాటి రేటుకి మార్చి వేసింది, రెండోది అమ్మకం జరిగిన రోజు రేటు ప్రకారం లెక్క. పెద్ద అంకె పోస్టర్‌కి బాగుంటుంది కాబట్టి చాలా చోట్ల అదే వాడతారు. మీ సినిమా ఏది వాడిందో రాయండి, చాలు.

7. అరెస్ట్ సీన్‌ని నిదానంగా చూడండి

ఇది మాత్రం నిజంలోనే సినిమాలాగా ఉంది. గ్లెన్ పార్క్ అని శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక చిన్న బ్రాంచ్ లైబ్రరీ. ఉల్‌బ్రిక్ట్ ముందు పక్కనున్న కాఫీ షాపుకి పోయినాడు, అక్కడ రద్దీగా ఉండేసరికి లైబ్రరీకి వచ్చి సైన్స్ ఫిక్షన్ అరల దగ్గర టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచినాడు. సైట్‌లో తన ఉద్యోగి అనుకున్న మనిషితో చాట్ చేస్తున్నాడు, ఆ చాట్ చేసేది రహస్య ఏజెంట్. సైట్‌లోకి లాగిన్ అయినట్టు తేలగానే, వెనకాల ఒక ఆడమనిషి, ఒక మగమనిషి మొగుడూపెళ్లాల మాదిరి గట్టిగా గొడవపడినారు. అతను వెనక్కి తిరిగినాడు, ఆ క్షణంలో ల్యాప్‌టాప్ లాగేసినారు, మూత పడకుండా. మూత పడితే లాక్ అయిపోతుంది, మళ్లీ తెరవలేరు. అందుకే ఆ నాటకం. దాంట్లో అతని డైరీ, ఖర్చుల లెక్కలు, చాట్లు అన్నీ దొరికినాయి, ఇంకా దాదాపు 1,44,000 బిట్‌కాయిన్లు.

చెక్ చేయాల్సింది: సినిమాలో ల్యాప్‌టాప్ తెరిచి ఉండటం ఎందుకు ముఖ్యమో చెప్పినారా, లేక పరుగులు, తుపాకులు పెట్టి వేరే హడావిడి చేసినారా?

8. చివర్లో వచ్చే అక్షరాలు పాతబడినాయేమో చూడండి

2021 సినిమా అయినా, అంతకుముందు డాక్యుమెంటరీ అయినా, యావజ్జీవం దగ్గర ఆగిపోతుంది. 2025 క్షమాభిక్ష వాటిల్లో ఉండదు. అది సినిమా తప్పు కాదు, కానీ మీరు ఎవరికైనా చెప్పేటప్పుడు కలుపుకుని చెప్పండి. కలిపేటప్పుడు జాగ్రత్త, క్షమాభిక్ష అంటే శిక్ష మాఫీ అయింది అని అర్థం, కోర్టు నిర్దోషి అన్నట్టు కాదు.

9. ఇంకో ఫౌండర్‌ని పక్కన పెట్టండి

ఒక్క సినిమాతో ఆగితే దొంగ మార్కెట్ పెట్టేవాళ్లంతా రాస్ లాగా అద్దె గదిలో మారుపేరుతో, పాత జీన్స్ వేసుకుని, స్వేచ్ఛ గురించి వ్యాసాలు రాసుకునేవాళ్లే అనుకుంటాం. ఆల్ఫాబే అనే ఇంకో దొంగ మార్కెట్ నడిపిన అలెగ్జాండర్ కాజెస్‌ని చూడండి. కెనడా వాడు, బ్యాంకాక్‌లో ఉండేవాడు, లంబోర్గినీ, పోర్షే, విల్లాలు. 2017 జూలై 5న పోలీసులు కారుని కావాలనే అతని గేటుకి గుద్ది బయటికి రప్పించి పట్టుకున్నారు, అప్పుడు కూడా ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. వారానికే జైల్లో శవమై కనిపించినాడు. ఆ సైట్ సిల్క్ రోడ్‌కి పది రెట్లు పెద్దదని ఎఫ్‌బీఐ అప్పటి యాక్టింగ్ డైరెక్టర్ చెప్పినారు. అయినా సినిమావాళ్లకి ఉల్‌బ్రిక్టే కావాలి, ఎందుకంటే ఆదర్శం మాట్లాడేవాడిని హీరో చేయడం తేలిక.

సిరీస్ ఇష్టమైతే ఇంకో జత ఉంది. 2019లో మొదలైన జర్మన్ సిరీస్ హౌ టు సెల్ డ్రగ్స్ ఆన్‌లైన్ ఫాస్ట్, 2021లో వచ్చిన షైనీ ఫ్లేక్స్ డాక్యుమెంటరీ. రెంటికీ మూలం లైప్‌జిగ్‌లో తల్లి ఇంట్లో తన గదిలోంచే అమ్మిన ఒక కుర్రోడు, 2015 ఫిబ్రవరిలో అతని దగ్గర 300 కిలోల పైన సరుకు పట్టుకున్నారు. సిరీస్‌లో ప్రేమ, స్నేహం, నవ్వులు. డాక్యుమెంటరీలో అదే గది సెట్ వేసి అతన్నే కూర్చోబెట్టి ప్యాకింగ్ చేయించినారు, ప్రేమా లేదు, దోస్తూ లేడు. రెండూ వెంటవెంటనే చూడండి, సిరీస్‌లో కలిపిన చక్కెర ఎంతో నాలుకకి తెలుస్తుంది.

ఎక్కువగా చేసే తప్పులు

"నిజ సంఘటనల ఆధారంగా" అని పడింది కదా అని నమ్మేయడం. ఆధారం అంటే ఎంతైనా కావచ్చు, ఒక్క పేరు కూడా కావచ్చు.

తెలుగులో కథ చెప్పే యూట్యూబ్ వీడియోలని సాక్ష్యంగా తీసుకోవడం. వాటిల్లో చాలావరకు సినిమా కథనే జరిగిన చరిత్రలాగా చెప్తారు, రిక్ బౌడెన్‌ని నిజం మనిషి అన్నట్టు. సినిమాని సినిమాతోనే చెక్ చేసినట్టు అవుతుంది అది.

డాక్యుమెంటరీ అంటే మొత్తం నిజం అనుకోవడం. 2015లో అలెక్స్ వింటర్ తీసిన డీప్ వెబ్ మంచి పనే, కియాను రీవ్స్ గొంతు, ఉల్‌బ్రిక్ట్ అమ్మానాన్నలు దగ్గరగా మాట్లాడినారు. అందుకే వాళ్ల బాధ మనకి బాగా తగులుతుంది. డాక్యుమెంటరీలో ఎవరు మాట్లాడినారో, ఎవరు మాట్లాడలేదో ఐదో స్టెప్‌లో మాదిరే టేబుల్ వేయండి.

చిన్న తప్పులు పట్టుకుని తృప్తి పడిపోవడం. కారు మోడల్ తప్పు, చొక్కా రంగు తప్పు అని లిస్ట్ రాసేవాళ్లు ఉన్నారు, వాటితో ఏం తేలదు. మార్చడం వల్ల ఎవరి తప్పు తగ్గింది, ఎవరి తప్పు పెరిగింది అనేదే చూడాలి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది, కల్పించిన ప్రతి సీన్‌నీ అబద్ధం అనేయడం. ఇద్దరు ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు, రచయిత రాయాల్సిందే. అలాంటి వాటికి ఎరుపు పెట్టొద్దు, ఖాళీగా వదిలేయండి.

సరిగ్గా చేసినారో లేదో చూసుకోవడం

పచ్చ టిక్కుల్లోంచి ఏవైనా ఐదు తీసి, ప్రతిదానికీ ఏ కాగితంలో ఉందో మీ పక్కనున్న మనిషికి చూపించండి. చూపించలేకపోతే ఆ టిక్ కొట్టేయండి.

తర్వాత సినిమా చూడని ఎవరికైనా కోర్టు కాగితాల్లో ఉన్నంత వరకే కథ చెప్పండి. మధ్యలో నోట్లోంచి బౌడెన్ పేరు వచ్చేసిందంటే మూడో స్టెప్ మళ్లీ చేయాలి.

ఆఖరికి మొదటి రోజు రాసుకున్న జాలి, కోపం కాగితం తీయండి. ఇప్పుడు మళ్లీ రాయండి. పేర్లు అవే ఉంటే ఉండనీండి, మారాలనే రూల్ లేదు. కానీ కొత్త లిస్టులో ఫౌండర్, పోలీసు కాకుండా మూడో మనిషి ఒక్కరు కూడా లేకపోతే ఐదో స్టెప్ హడావిడిగా చేసినట్టే, ఆ ఒక్కటి ఇంకోసారి చేయండి.

టైమ్ లేదు, ఒక్క సాయంత్రమే ఉంది అంటే 3, 5 మాత్రం చేసి మిగతావి వదిలేయండి. బ్యాచ్‌గా చూస్తే ఒక్కొక్కరికి ఒక్కో గడి ఇచ్చేయండి, ఒకరు పోలీసుని, ఒకరు కొనేవాళ్లని, ఒకరు తేదీలని చూసుకుంటే అక్కడికక్కడే అయిపోతుంది. ఈ వరసలో వచ్చే కొత్త సినిమాలకి తేదీల గీత కొత్తగా గీయాలి, టేబుల్ మాత్రం ఇదే వాడుకోవచ్చు.